గుడి, చర్చి, దర్గాల మీడియా పని: ట్రైనింగ్ ఎక్కడ ఆగిపోతోంది?

మన దగ్గర గుడి కమిటీకో చర్చికో దర్గాకో మీడియా పని చూసే మనిషిని ఎట్లా ఎంచుకుంటారో అందరికీ తెలిసిందే. మంచి ఫోన్ ఉన్నవాడు, డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నవాడు, నాలుగు ముక్కలు తప్పుల్లేకుండా రాయగలిగినవాడు, వీళ్లలో ఎవరు ముందు దొరికితే వాళ్లు. ఆ రోజు నుంచి ప్రెస్ నోట్ అతనిదే, యూట్యూబ్ లైవ్ అతనిదే, ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో ఎంత సైజులో ఉండాలనే పంచాయితీ అతనిదే, విలేకరులకు టీ, టిఫిన్ చూసుకోవడం కూడా అతనిదే. రెండేళ్లకు విసుగొచ్చి హైదరాబాద్ వెళ్లి ఏదో డిజిటల్ మార్కెటింగ్ కంపెనీలో చేరిపోతాడు. కమిటీ ఇంకో ఫోన్ ఉన్నవాణ్ని వెతుక్కుంటుంది.

నల్లగొండ, పాలమూరు వైపు ఇది ఒక్క మతం వాళ్ల సమస్య కాదు. అమావాస్య రాత్రి చెర్వుగట్టు శివాలయానికి వచ్చే జనానికి సమాచారం చేర్చాల్సినవాళ్లు, జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు వచ్చే హిందువులకూ ముస్లింలకూ ఒకేలా అర్థమయ్యేట్టు మైకులో చెప్పాల్సినవాళ్లు, మెనోనైట్ బ్రెదరన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ మిషనరీల కాలం నుంచి పాలమూరులో బడులు, ఆస్పత్రులు నడిపిన చర్చిల్లో ఇవాళ పత్రికో ఛానలో చూసుకునేవాళ్లు, అందరి కష్టం దాదాపు ఒకటే. మాకు సరైన ట్రైనింగ్ లేదంటారు. అడిగితే ఎవరో ఒకరు వచ్చి రెండు రోజుల వర్క్‌షాప్ పెడతారు, కాన్వా యాప్‌లో పోస్టర్ చేయడం, రీల్ ఎడిట్ చేయడం, డ్రోన్ ఎగరేయడం నేర్పి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి, గ్రూప్ ఫొటో దిగి వెళ్లిపోతారు. నేర్పింది పనికిరాదని అనను, కాకపోతే అది ఇంటర్ చదివే పిల్లాడు యూట్యూబ్ చూసి వారంలో నేర్చుకునేదే. ఈ పనిలో మనిషి ఎదగకపోవడానికి అసలు కారణం ఏ వర్క్‌షాప్ సిలబస్‌లోనూ కనపడదు. ఏది చెప్పాలి, ఏది ఆపాలి, ఎప్పుడు చెప్పాలి అని నిర్ణయించే అధికారం అతని చేతిలో లేదు. నిర్ణయం తీసుకునే అవకాశమే రానివాడికి తప్పొప్పులు తూచే నేర్పు ఎక్కడి నుంచి వస్తుంది? ఎన్ని సర్టిఫికెట్లు వచ్చినా అతను పైవాళ్లు పంపింది టైప్ చేసే మనిషిగానే మిగిలిపోతాడు.

సేవ అన్నాక బిల్లేంది?

ముందు డబ్బు సంగతి. ధార్మిక సంస్థలో పని అనగానే సేవ అనే మాట వస్తుంది, అది అబద్ధమూ కాదు, చాలామంది నిజంగానే భక్తితోనో విశ్వాసంతోనో వస్తారు. గొడవ ఎక్కడంటే, అదే సంస్థ టెంట్ వేసినవాడికి, సౌండ్ పెట్టినవాడికి, ఫ్లెక్సీ కొట్టినవాడికి బిల్లు కడుతుంది, రాసినవాడి దగ్గరికి వచ్చేసరికి "దేవుడి పని కదా తమ్మీ" అంటుంది. బిల్లు లేని పనికి హోదా ఉండదు. హోదా లేకపోతే నేర్చుకోవడానికి సెలవుండదు, ఖర్చుండదు, తర్వాత వచ్చేవాడికి అప్పగించడానికి ఫైలు కూడా ఉండదు. సంస్థ ఫేస్‌బుక్ పేజీ ఆ పిల్లాడి సొంత నంబర్ మీద, యూట్యూబ్ ఛానల్ అతని సొంత జీమెయిల్ మీద నడుస్తుంటాయి, అతను అలిగి వెళ్లిపోయిన రోజు కమిటీ వాళ్లు పాస్‌వర్డ్ కోసం వాళ్ల నాన్నను బతిమాలుతుంటారు.

విదేశీ విరాళాలు వచ్చే సంస్థల్లో ఇంకో మెలిక ఉంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణతో పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి పడిపోయింది. ఆఫీసు, అకౌంట్లు, మేనేజ్‌మెంట్ జీతాలు అన్నీ ఆ 20 శాతంలోనే సర్దుకోవాలి. కమ్యూనికేషన్ మనిషి జీతం, అతని ట్రైనింగ్ కూడా ఆ పద్దులోకి వెళ్తే మొదట కోత పడేది వాటికే. ఎవరూ కావాలని చేయరు, బడ్జెట్ షీట్ ముందు కూర్చుంటే అట్లా అయిపోతుంది.

సేవగా చేసేవాడైనా సరే, అతని పని ఒక కాగితం మీద ఉండాలి: ఏ పనులు అతనివి, ఏవి కావు, ఏ ప్రకటన మీద ఎవరు సంతకం పెట్టాలి, ఆ మనిషి ఫోన్ ఎత్తకపోతే ఎవరిని అడగాలి. అర పేజీ చాలు. వర్క్‌షాప్ కంటే ముందు సంపాదించుకోవాల్సింది ఈ అర పేజీనే అని నా నమ్మకం, ఎందుకంటే దేవాదాయ శాఖ కింద ఉన్న గుడిలో ఈవో (కార్యనిర్వహణాధికారి) ఒకటి చెబుతారు, కమిటీ చైర్మన్ ఇంకోటి చెబుతారు, పూజారులది మూడో మాట, ఈవో బదిలీ అయితే కథ మళ్లీ మొదటికి. చర్చిలో పాస్టర్ గారిదే ఆఖరి మాట, కానీ ఆయన ఆదివారం ఉదయం వేదిక మీద ఉంటారు, సరిగ్గా అప్పుడే విలేకరి ఫోన్ చేస్తాడు. దర్గాల దగ్గర బాగోగులు చూసే ముతవల్లీకి, ఉర్సు కమిటీకి, వక్ఫ్ బోర్డుకు మధ్య ఎవరు మాట్లాడాలో తేలేలోపు పత్రిక డెస్క్‌లో పేజీ మూసేస్తారు.

ఒక ప్రెస్ నోట్ విప్పి చూద్దాం

జాతరకు ముందు వచ్చే మామూలు ప్రెస్ నోట్ ఇట్లా ఉంటుంది, కల్పించి రాస్తున్నా కానీ చదివితే ఎక్కడో చూసినట్టే ఉంటుంది: "శ్రీ ఫలానా స్వామివారి బ్రహ్మోత్సవాలను పురస్కరించుకుని ఆలయ ప్రాంగణంలో చైర్మన్ గారి అధ్యక్షతన సమీక్షా సమావేశం అత్యంత వైభవంగా నిర్వహించడం జరిగింది. ఈ కార్యక్రమానికి ముఖ్య అతిథులుగా..." అక్కడి నుంచి పదిహేను పేర్లు, హోదాలతో సహా. చివరి లైన్లో "భక్తులకు ఎలాంటి ఇబ్బందులు కలగకుండా అన్ని ఏర్పాట్లు చేసినట్లు తెలిపారు".

సమీక్షా సమావేశం అత్యంత వైభవంగా ఎట్లా జరుగుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అది పక్కన పెట్టండి. దేవరకొండ నుంచి ముసలి తల్లిని తీసుకుని బయల్దేరే మనిషికి ఇందులో ఒక్క ముక్క కూడా పనికిరాదు. అతనికి కావాల్సింది: శుక్రవారం రాత్రి ఎన్ని గంటల నుంచి సొంత బండ్లు గుట్ట మీదికి వదలరు, పార్కింగ్ ఎక్కడ, అక్కడి నుంచి నడవలేనివాళ్లకు ఏముంది, తాగునీళ్లు ఏ మలుపు దగ్గర, ఆఖరి బస్సు ఎప్పుడు, తప్పిపోతే ఏ నంబర్. ఇదే నోట్‌ని తిప్పి "శుక్రవారం రాత్రి 8 తర్వాత గుట్ట మీదికి సొంత వాహనాలు వెళ్లనివ్వరు, కింద బడి గ్రౌండులో ఆపాలి, నడవలేనివాళ్లకు అక్కడి నుంచి ఆలయ వాహనం ఉంటుంది" అని మొదలుపెట్టి, అతిథుల పేర్లు చివర ఒక్క వాక్యంలో పెడితే జిల్లా డెస్క్‌లో కూర్చున్న సబ్ ఎడిటర్ దాన్ని పెద్దగా కోయకుండా వాడుకుంటాడు. మొదటి రకం నోట్‌కి ఎక్కువలో ఎక్కువ ఒక సింగిల్ కాలమ్ దొరుకుతుంది, అది కూడా మండల విలేకరితో మొహమాటం ఉంటే.

ఇది రాయడం ఎంతసేపు? అరగంట. ఇట్లా రాసిన నోట్‌ని కమిటీ చేత ఒప్పించడానికి ఏడాది పట్టొచ్చు. పేరు కిందికి పోయిన ప్రతి పెద్దమనిషీ అలుగుతాడు. వృత్తిలో ఎదగడం అంటే ఆ పెద్దమనిషి ముందు కూర్చుని "సార్, మీ పేరు మొదటి లైన్లో ఉంటే డెస్క్ వాళ్లు మొత్తం కొట్టేస్తున్నారు, పోయిన ఏడాది కటింగ్‌లు చూడండి" అని కాగితాలు ముందు పెట్టి మాట్లాడగలగడం. ఆ కటింగ్‌ల ఫైలు ముందు నుంచీ దాచుకుని ఉండాలి. ఇదెవరూ నేర్పరు.

కథలు వదిలేసుకోవడం ఇంకో జబ్బు. చిన్నచింతకుంట మండలం కురుమూర్తి జాతరలో ఉద్దాల ఉత్సవం చూసే ఉంటారు. స్వామివారి పాదుకలు వడ్డెమాన్‌లో తోలుతో తయారై ఊరేగింపుగా వస్తాయి, వాటిని నెత్తికి తాకించుకోవడానికి జనం ఎగబడతారు. మన కెమెరాలు ఏం తీస్తాయి? ఏ నాయకుడి నెత్తి మీద ఉద్దాలు పెట్టారో అది. ఆ ఉద్దాలు కుట్టేవాళ్లు ఎవరు, తోలు ఎట్లా సిద్ధం చేస్తారు, ఆ రోజుల్లో వాళ్లు పాటించే నియమాలేంటి, ఏ తరం నుంచి ఏ తరానికి ఆ పని వచ్చింది అనేది అడిగి రాస్తే ఆ ఒక్క కథ జిల్లా ఎడిషన్ దాటి బయటికి పోతుంది. వార్త వాసన పట్టడం అంటే ఇదే, దీనికి సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. ఇంతకీ ఇది మన నేలకు కొత్త విద్య కూడా కాదు, నిజాం రోజుల్లో 1922లోనే షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండలో కూర్చుని నీలగిరి పత్రిక నడిపారు.

చిన్న సాంకేతిక విషయం ఒకటి. నోటీసులు ఫ్లెక్సీ షాపులో అను ఫాంట్లతో (యూనికోడ్ కాని పాత తెలుగు అక్షరాలతో) కొట్టించి, దాన్నే జేపీజీ చేసి గ్రూపుల్లో వదులుతారు. అది గూగుల్‌లో దొరకదు, చూపు లేనివాళ్ల ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు, విలేకరి మళ్లీ మొత్తం టైప్ చేసుకోవాలి. పోస్టర్ పంపండి, దాని కింద అదే విషయం యూనికోడ్‌లో, అంటే ఫోన్లో టైప్ చేసే అక్షరాల్లోనే, మామూలు మెసేజ్‌గా కూడా పెట్టండి. అంతే.

సాక్ష్యం వేరు, ప్రకటన వేరు

ఈ రంగంలో అసలైన గడ్డు పాఠాలు చట్టం దగ్గర ఉన్నాయి, విచిత్రంగా దీన్నే ఎవరూ నేర్పరు. ధార్మిక సంస్థలో సమాచారం మూడు రూపాల్లో బయటికి వస్తుంది: విశ్వాసి చెప్పే సాక్ష్యం, సంస్థ ఇచ్చే సమాచారం, జనాన్ని పిలిచే ప్రకటన. లోపల ఉన్నవాళ్లకు మూడూ ఒకటే అనిపిస్తాయి, ప్రార్థన చేస్తే జ్వరం తగ్గిందని ఒకామె సభలో లేచి చెప్పడం ఆమె విశ్వాసం, దాన్ని ఎవరూ కాదనరు. అదే మాటను కోసి, సంగీతం పెట్టి, "క్యాన్సర్ మాయం, షుగర్ మాయం, రండి" అని నంబర్‌తో సహా రీల్ చేసి వదిలితే అది ప్రకటన అయిపోతుంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం తాయెత్తు, మంత్రం, కవచం లాంటివాటితో జబ్బులు నయమవుతాయని ప్రకటించడాన్ని నిషేధిస్తుంది, దాని షెడ్యూల్‌లో క్యాన్సర్, మధుమేహం, పక్షవాతం పేర్లతో సహా ఉన్నాయి. ఇది బాబాలకే కాదు, మతంతో సంబంధం లేకుండా అట్లాంటి వైద్యం చేస్తామనే వాళ్లందరికీ వర్తించేదే. రీల్ ఎడిట్ చేసిన కుర్రాడికి ఈ చట్టం పేరు కూడా తెలియదు, కేసంటూ అయితే ఛానల్ అడ్మిన్ ఎవరని అడుగుతారు, అడ్మిన్ ఇతనే.

పిల్లల సంగతి ఇంకా సున్నితం. పాలమూరు వలసల జిల్లా అన్న పేరు ఎప్పటి నుంచో మోస్తోంది, నల్లగొండ ఫ్లోరైడ్ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. విరాళాల కోసం తీసే ఫొటోల్లో వంకర కాళ్ల పిల్లలు, చినిగిన బట్టల పిల్లలు, ఏడుస్తున్న పిల్లలు, ఇది మతాలన్నీ చేశాయి, స్వచ్ఛంద సంస్థలూ చేశాయి. ఆ ఫొటోలో ఉన్న పాప పదేళ్ల తర్వాత నల్లగొండలో డిగ్రీ చదువుతూ తన పాత ఫొటోను ఏదో విదేశీ చర్చి కరపత్రంలో చూసుకుంటే ఎట్లా ఉంటుందో ఆలోచించాల్సింది ఫొటో తీసే మనిషే. చట్టం కూడా ఊరుకోదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టేలా ఉండే ఏ వివరమూ బయటపెట్టకూడదు, సంస్థలు నడిపే బాలల గృహాల పిల్లలు చాలామంది ఈ లెక్కలోకి వస్తారు. ఆరు నెలల జైలు దాకా, రెండు లక్షల జరిమానా దాకా ఉంది. దానికి తోడు 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఒకటి. దాని నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, సంస్థల మీద పడే ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమల్లోకి వచ్చేట్టు పెట్టారు. 18 ఏళ్లు నిండనివాళ్ల డేటాకు తల్లిదండ్రుల అనుమతి ధ్రువీకరించుకుని మరీ తీసుకోవాలి, నోటీసును ఇంగ్లిష్‌లోనో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషల్లోనో చదువుకునే వీలు ఇవ్వాలి, అంటే తెలుగులో అడిగితే తెలుగులో ఉండాలి, ఒప్పుకున్నవాళ్లు తర్వాత వద్దంటే అంతే సులువుగా వెనక్కి తీసుకోనివ్వాలి. వేలిముద్ర వేయించుకున్న ఇంగ్లిష్ ఫారం చూపించి మా దగ్గర అనుమతి ఉందంటే ఇకమీదట నడవదు.

మాటల విషయంలో హద్దులు తెలిసినవే, అయినా ఒకసారి చెప్పుకుందాం. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది, మత వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం 196వ సెక్షన్, అదే పని ప్రార్థనా స్థలంలో చేస్తే శిక్ష ఇంకా పెద్దది. మత భావాలను ఉద్దేశపూర్వకంగా గాయపరచడం 299. ఉపన్యాసంలో వక్త నోరు జారితే ఆ ముక్కను లైవ్ తర్వాత ఉంచాలా తీయాలా అనేది మీడియా మనిషి నిర్ణయం, అది కూడా ఆ రాత్రికే తీసుకోవాల్సిన నిర్ణయం. మళ్లీ అదే ప్రశ్న: తీసే అధికారం ఉందా?

ఎన్నికలప్పుడు టెన్షన్ వేరే రకం. మతం పేరు మీద ఓటు అడగడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద అవినీతి చర్య, 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురి ధర్మాసనం 4-3 మెజారిటీతో దీని పరిధిని ఇంకా పెంచింది, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతాన్ని చూపించి అడిగినా అంతే అన్నది. ప్రార్థనా స్థలాలను రాజకీయ పనులకు వాడటాన్ని ఆపడానికి 1988లో ప్రత్యేకంగా ఒక చట్టమే ఉంది. అభ్యర్థి దర్శనానికి వస్తే ఫొటో పెట్టొచ్చా అంటే, దర్శనం ఫొటో ఒకటి, ఆయన పార్టీ కండువాతో గుడి మెట్ల మీద మాట్లాడిన వీడియో మీ అధికారిక పేజీలో ఉండటం ఇంకొకటి.

ఛానల్ నడిపేవాళ్లలో చాలామందికి తెలియని చట్టం ఒకటుంది. విదేశీ విరాళాల చట్టం 2010లోనే వార్తలు, వర్తమాన వ్యవహారాల కార్యక్రమాలు తయారు చేసి ప్రసారం చేసే సంస్థలు విదేశీ డబ్బు తీసుకోకూడదని చెప్పింది, ఎలక్ట్రానిక్ మాధ్యమాలన్నీ ఇందులో వచ్చాయి. చర్చి యూట్యూబ్ ఛానల్లో సరదాకు "ఈ వారం వార్తలు" అని మొదలుపెట్టే ముందు ఆడిటర్‌ని ఒక మాట అడగాలి. నెలనెలా అచ్చు పత్రిక తెచ్చేవాళ్లు కూడా, అందులో ప్రజా వార్తలు, వాటి మీద వ్యాఖ్యలు ఉంటే, 2023 పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు సంగతి చూసుకోవాలి. 1867 నాటి పాత చట్టం పోయి ఇది 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. కాపీరైట్ మీద ఒక్క మాట: మతపరమైన వేడుకలో పాట పాడటానికి 1957 చట్టం మినహాయింపు ఇస్తుంది, దాన్ని రికార్డు చేసి ఛానల్లో పెట్టుకోవడం వేరే ప్రశ్న, కాపీరైట్ స్ట్రైక్ పడినప్పుడు "దేవుడి పాట కదా" అంటే యూట్యూబ్ వినదు.

రాత్రి పదకొండుకి

జాతర రాత్రి. 11 గంటలకు గ్రూపుల్లో "గుట్ట మీద తొక్కిసలాట, పది మంది పోయారట" అని వస్తుంది. నిజం ఏంటంటే మెట్ల దారిలో తోపులాట జరిగింది, ఇద్దరు కింద పడ్డారు. మన సంస్థల అలవాటు తెలుసు కదా, ఫోన్లు స్విచాఫ్. పెద్దలు కూర్చుని, పోలీసులతో మాట్లాడి, పొద్దున ఖండన ఇస్తారు. అప్పటికి మిర్యాలగూడ నుంచి దుబాయ్ దాకా చుట్టాలంతా ఏడ్చి అలసిపోయి ఉంటారు.

11.20కి బయటికి రావాల్సిన మెసేజ్ ఇంతే: "మెట్ల దారిలో 10.40కి తోపులాట జరిగింది. ఇద్దరికి ప్రథమ చికిత్స చేశారు. ఇప్పటివరకు ప్రాణనష్టం సమాచారం లేదు, పోలీసులతో కలిసి సరిచూస్తున్నాం. ఆ దారి ఆపేశాం, దిగేవాళ్లు రోడ్డు వైపు నుంచి రండి. మళ్లీ 11.45కి చెబుతాం." తెలిసింది చెప్పారు, సరిచూస్తున్నది చెప్పారు, జనం ఏం చేయాలో చెప్పారు, మళ్లీ ఎప్పుడు మాట్లాడతారో చెప్పారు. 11.45కి కొత్త సంగతేమీ లేకపోయినా "కొత్త సమాచారం లేదు, 12.15కి మళ్లీ" అని పెట్టాల్సిందే, ఎందుకంటే మీరు ఖాళీ వదిలిన పావుగంటలో ఇంకోడు పదిని యాభై చేస్తాడు.

ఇది రాయడానికి భాష మీద పెద్ద పట్టు అక్కర్లేదు. దాన్ని పైవాళ్ల అనుమతి కోసం ఆగకుండా పెట్టే హక్కు ముందే ఇచ్చి ఉండాలి, లోపల వాస్తవం చెప్పే మనిషి ఒకరు, పోలీసు కంట్రోల్ రూమ్ దగ్గర ఒకరు, ఇద్దరి నంబర్లూ పనిచేస్తూ ఉండాలి. జాతరకు వారం ముందు కమిటీని కూర్చోబెట్టి ఇదే ఉదంతాన్ని ఊహించుకుని అరగంట రిహార్సల్ చేస్తే రెండు రోజుల వర్క్‌షాప్ కంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. ఎవరికి ఫోన్ చేయాలో తెలియక అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు చూడండి, నేర్చుకోవడం అక్కడే మొదలవుతుంది.

దారి సంగతి కూడా ముందే చూసుకోవాలి. వాట్సాప్ గ్రూప్‌లో 1024 మందికి మించి పట్టరు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది, అదీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తుంది, అందుకే టికెట్ వెనకాల, రసీదు మీద "ఈ నంబర్ సేవ్ చేసుకోండి" అని ఏడాది పొడవునా అచ్చేయాలి. బాగా తిరిగిన ఫార్వర్డ్‌ని ఒకసారి ఒక చాట్‌కే పంపగలరు, కాబట్టి మీ సవరణ మెసేజ్‌ని కూడా జనం చేత ఫార్వర్డ్ చేయించడం కంటే అధికారిక ఛానల్ లింక్ అలవాటు చేయడం మేలు. ఇక గుట్ట మీద సిగ్నల్ ఉండదు, అక్కడ మైకే దిక్కు, మైక్ దగ్గర కూర్చున్న అతనికి కూడా అదే కాగితం అందాలి. చాలా చోట్ల మైక్ మనిషి, ఫేస్‌బుక్ మనిషి ఒకరి మొహం ఒకరు చూసి ఉండరు!

ఎక్కడ నేర్చుకోవాలి మరి

క్యాథలిక్కుల దగ్గర దీనికి ఒక పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబర్‌లో సమాచార మాధ్యమాల మీదే ఒక డిక్రీ ఇచ్చింది, 1967 నుంచి ఏటా ప్రపంచ సమాచార దినం జరుపుతున్నారు.  తెలుగు క్యాథలిక్కులకు సికింద్రాబాద్‌లో అమృతవాణి అనే మీడియా కేంద్రం ఉంది, జాతీయ స్థాయిలో ఢిల్లీ పక్కన నిస్కార్ట్ అనే మీడియా శిక్షణ సంస్థ ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానానికి సొంత ప్రజా సంబంధాల విభాగం, సప్తగిరి పత్రిక, 2008లో మొదలైన ఎస్వీబీసీ ఛానల్ ఉన్నాయి. కాకపోతే ఆ స్థాయి ఏర్పాటు నార్కట్‌పల్లిలోనో అలంపూర్‌లోనో ఉండదు, ఉండాలని ఆశించడం కూడా అత్యాశే.

దగ్గర్లో దొరికేవాటితో మొదలుపెట్టొచ్చు. అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో జర్నలిజం కోర్సు ఉద్యోగం చేసుకుంటూ చదవొచ్చు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయంలో జర్నలిజం ఉంది. ఉర్దూలో చేసేవాళ్లకు గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ. పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా 1958 నుంచి ఉంది, హైదరాబాద్ చాప్టర్ మీటింగులకు వెళ్తే ప్రభుత్వ రంగ సంస్థల్లో, కంపెనీల్లో ఇదే పని చేసేవాళ్లు కలుస్తారు. కోర్సు కంటే ఆ పరిచయాలే కొన్నిసార్లు ఎక్కువ నేర్పుతాయి. నా ఓటు మాత్రం ఇంకా చవకైనదానికి: ఏదైనా దినపత్రిక జిల్లా డెస్క్‌లో నాలుగు సాయంత్రాలు కూర్చోనివ్వమని అడగండి. మీ ప్రెస్ నోట్ అక్కడ ఎంతసేపు బతుకుతుందో కళ్లారా చూస్తే రాత దానంతటదే మారుతుంది. జిల్లా పౌర సంబంధాల అధికారి ఆఫీసుకు కూడా వెళ్లొచ్చు, జాతర సమయంలో వాళ్లు కలెక్టరేట్ నుంచి ప్రకటనలు ఎట్లా పంపుతారో చూడటానికి.

అమెరికాలో రిలీజియన్ కమ్యూనికేటర్స్ కౌన్సిల్ అని ఒకటి 1929 నుంచి నడుస్తోంది. క్రైస్తవ సంస్థల ప్రచార విభాగాల వాళ్లు మొదలుపెట్టారు, ఇప్పుడు వేర్వేరు మతాల వాళ్లు ఒకే సభ్యత్వంలో ఉంటారు, ఒకరి పని ఒకరు విమర్శించుకుంటారు, అవార్డులు ఇచ్చుకుంటారు. ఇక్కడ వినడానికి వింతగా ఉంటుంది, గుడి మనిషి, చర్చి మనిషి, దర్గా మనిషి కలిసి ఏం మాట్లాడుకుంటారని. నిజానికి మాట్లాడుకోవడానికి చాలా ఉంది: ఏ విలేకరి వార్త వేయడానికి ప్యాకేజీ (డబ్బు) అడుగుతున్నాడు, ఏ ఫ్లెక్సీ షాపు డబ్బు తీసుకుని రాత్రికి రాత్రి చేయి ఎత్తేశాడు, ఛానల్ హ్యాక్ అయితే ఎవరిని పట్టుకోవాలి, అలిగిన చైర్మన్‌ని ఎట్లా దారికి తెచ్చుకోవాలి. సిద్ధాంతాల జోలికి పోయే తీరిక ఎవరికీ ఉండదు.

ఇంకో లాభం ఉంది, అది పండగ ఊరేగింపుల సీజన్లో తెలుస్తుంది. గణేశ్ నిమజ్జనం, మిలాద్ ర్యాలీ దగ్గర దగ్గర రోజుల్లో పడిన ఏడాది, రాయి పడిందనో జెండా చింపారనో ఒక పాత వీడియో ఊరి పేరు మార్చి తిరుగుతుంది. అప్పుడు ఇద్దరు మీడియా మనుషులకు ఒకరి నంబర్ ఒకరి దగ్గర ఉంటే, "అన్నా, ఇది మీ దగ్గరిదేనా?" "కాదు భాయ్, ఇది ఏదో వేరే రాష్ట్రంది, మేం కూడా చూసినం, ఇప్పుడే పోస్ట్ పెడుతున్నం" అని రెండు నిమిషాల్లో తేలిపోతుంది, రెండు అధికారిక పేజీల్లోనూ ఒకే మాట వస్తుంది. దీనికి ఏ కమిటీ తీర్మానమూ అక్కర్లేదు, బడ్జెట్టూ అక్కర్లేదు, క్లాక్ టవర్ దగ్గర చాయ్ డబ్బులు ఎవరో ఒకరు ఇచ్చుకుంటే సరిపోతుంది. సంఘం, పేరు, లెటర్‌హెడ్ అవన్నీ తర్వాత చూసుకోవచ్చు, లెటర్‌హెడ్ వచ్చిందంటే మళ్లీ అధ్యక్షుడు ఎవరనే గొడవ మొదలవుతుంది కాబట్టి ఎంత ఆలస్యమైతే అంత మంచిది.